రెండు కిలోల నూరు గ్రాముల పుస్తకం

2003 జూలై 14, సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు చిలకలూరిపేట హైవే పక్కనున్న ఒక నర్సింగ్ కాలేజీలో పాఠ్యపుస్తక ఎంపిక కమిటీ సమావేశమైంది. ఒంటి గంటకు పుస్తకం ఎంపికైంది. బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్యానికి పనికొచ్చే గణాంక శాస్త్రం, కొత్తగా నేర్చుకునేవారి కోసం ఎంపికైన ఆ పుస్తకం బరువు రెండు కిలోల నూరు గ్రాములు. తూకం కాలేజీ యాజమాన్యం వారి పత్తి మిల్లులోనే వేశారు కాబట్టి అనుమానం అక్కర్లేదు.

అంతకు ముందు ఏడాది ఆ సబ్జెక్టులో నలభై మంది పరీక్ష రాస్తే ముగ్గురు పాసయ్యారు. కరస్పాండెంట్ యలమందయ్య గారు ట్యూటర్ జయకుమారిని పిలిచి ఈ విషయం చర్చించారు. చర్చ ఒక వాక్యం సాగింది.

“ఈసారి సగం మందన్నా గట్టెక్కకపోతే నువ్వు వేరే ఊరు చూసుకోవాలమ్మా.”

పుస్తకం మారిస్తే గట్టెక్కుతారని జయకుమారి చెప్పింది. అందుకే కమిటీ.

కమిటీలో ఐదుగురు: యలమందయ్య గారు, ప్రిన్సిపాల్ సుబ్బరావమ్మ గారు, డాక్టర్ రామాంజనేయులు గారు, జయకుమారి, మిల్లులో పత్తి నాణ్యత చూసే బుడాన్. విషయ నిపుణుడి హోదా బుడాన్‌కు దక్కింది. అతను ఇరవై ఆరేళ్లుగా మచ్చు తీస్తున్నాడు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు దూది లాగి, వేళ్ల మధ్య సాగదీసి సరుకు సంగతి చెబుతాడు. ఆ మాట ఇంతవరకు తప్పలేదని యలమందయ్య గారు కమిటీకి తెలియజేశారు.

బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టారు. ఒకటి నూట ఎనభై పేజీలది. రెండోది పన్నెండు వందల పేజీల గట్టి అట్ట పుస్తకం.

“మచ్చు తియ్యి బుడానూ,” అన్నారు యలమందయ్య గారు.

“నాకు ఇంగ్లీషు రాదు సార్. ఇది చదవాల్సిన పిల్లనే పిలవండి. పైన ఒకటి, నడుమ ఒకటి, అడుగున ఒకటి తీసి చదివిద్దాం. బస్తా పైన దూది ఎప్పుడూ తెల్లగానే ఉంటది. తడి అడుగున ఉంటది.”

పోయినసారి తప్పిన జెస్సీని పిలిచారు. చిన్న పుస్తకంలో మూడు చోట్ల చదివి మూడూ వివరించింది. పెద్ద పుస్తకంలో మొదటి చోట ఆగింది. రెండో చోట అటూ ఇటూ చూసింది. మూడో చోట మంచినీళ్లు అడిగింది.

యలమందయ్య గారు లేచి ప్రసంగించారు.

“పత్తికి పోగు పొడవు చూస్తాం. మిరపకు రంగు చూస్తాం. పుస్తకానికి బరువు చూడాలి. అర్థమయ్యే పుస్తకమైతే ఇంటి దగ్గర కూర్చుని చదువుకుంటారు. అర్థం కానిది చదవడానికే గదా కాలేజీ! రేపు తనిఖీకి వచ్చేవాళ్లు ఏ పుస్తకం చూసి లేచి నిలబడతారో మీరే ఆలోచించండి.”

కమిటీ చప్పట్లు కొట్టి, పేర్లు లేని చీటీల మీద పదికి మార్కులు వేసింది. చిన్న పుస్తకానికి ఎనిమిది, తొమ్మిది, ఏడు, తొమ్మిది, సున్నా వచ్చాయి. పెద్ద పుస్తకానికి రెండు, మూడు, మూడు, రెండు, నూరు వచ్చాయి. నూరు ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. సగటు తీశారు. చిన్న పుస్తకానికి ఆరున్నర పైచిలుకు, పెద్ద పుస్తకానికి ఇరవై రెండు.

“సార్, ఇట్లాంటప్పుడు సగటు చూడకూడదు,” అంది జయకుమారి. “మార్కుల్ని వరసలో పెట్టి మధ్యలోది చూడాలి. దాన్నే మధ్యగతం అంటారు. అది చూస్తే చిన్నదానికి ఎనిమిది, పెద్దదానికి మూడే.”

“మధ్యలో ఉన్నోడి మాట ఎవరు వింటారమ్మా? ఏ ఊళ్లో అయినా పైనున్నోడి మాటే,” అన్నారు యలమందయ్య గారు.

తీర్మానం ఏకగ్రీవమని మినిట్స్‌లో రాశారు.

నలభై పుస్తకాలు ఆగస్టులో వచ్చాయి. రిజిస్టరులో సంతకం పెట్టించుకుని విద్యార్థినులకు ఇచ్చారు. తనిఖీలో చూపించాలి కాబట్టి నలపవద్దని సర్క్యులర్ వచ్చింది. ప్లాస్టిక్ కవరు విప్పవద్దని దాని అర్థమని ప్రిన్సిపాల్ గారు వివరించారు.

మిల్లు వైభవం విద్యార్థినులకు చూపిస్తానని జయకుమారి అర్జీ పెట్టింది. అనుమతి ఆ రోజే వచ్చింది. పత్తి సీజనంతా ప్రతి శనివారం నలభై మందీ మిల్లుకు వెళ్లారు. బుడాన్ ముప్పై బస్తాల్లో మచ్చు తీయించేవాడు. వాళ్లు తేమ శాతాలు రాసుకుని లెక్కలు కట్టేవారు.

“స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఇంతేనా మేడం?” అంది జెస్సీ. “రెండేళ్లుగా నన్ను ఏడిపించింది ఇదా?”

“దాని పేరు నాకు తెలవదు తల్లీ,” అన్నాడు బుడాన్. “రెండు లారీలకీ సగటు తేమ ఒకటే రావచ్చు. ఒకదాంట్లో అన్నీ ఒక తీరున ఉంటాయి. ఇంకోదాంట్లో సగం ఎండు, సగం పచ్చి. ఆ తేడా చూడకుండా సగటు చెప్పినోడు మిల్లు ముంచుతాడు.”

“మరి మన కమిటీ?”

“నువ్వు బస్తా చూడమ్మా.”

2004 సెప్టెంబరు 6న ఫలితాలు వచ్చాయి. నలభై మందిలో ముప్పై నాలుగు మంది పాసయ్యారు. జెస్సీకి డెబ్బై ఒక్క మార్కులు వచ్చాయి.

పదో తేదీన కాలేజీ ఆవరణలో సన్మాన సభ జరిగింది. వేదిక మధ్య కుర్చీలో పుస్తకాన్ని నిలబెట్టి, శాలువా కప్పి, దండ వేశారు. యలమందయ్య గారు మాట్లాడారు.

“పాసైన ముప్పై నాలుగు మంది దగ్గరా ఈ పుస్తకం ఉంది. ఇంతకంటే రుజువేం కావాలి?”

చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి బుడాన్ లేచాడు. “తప్పినోళ్ల దగ్గర ఏ పుస్తకం ఉంది సార్?”

అప్పుడు మైకు సరిచేస్తున్నారు.

జయకుమారి ఉద్యోగాన్ని పొడిగిస్తూ ఆ వేదిక మీదే ఉత్తర్వు ఇచ్చారు. నలభై పుస్తకాలనూ చెక్కుచెదరకుండా కాపాడినందుకు పొడిగించినట్లు అందులో ఉంది. వందన సమర్పణ ఆమె చేత చేయించారు. పుస్తకానికి ధన్యవాదాలు చెప్పి ఆమె దిగింది.

పాస్ కాని ఆరుగురి సంతకాలు కూడా ఆ పుస్తకం అందుకున్నట్లు రిజిస్టరులో ఉన్నాయి.