మామగారి మంచం కింద సిగార్లు

ఆ ఆదివారం ఉదయం అతని ప్లాను చాలా చిన్నది. ఫ్యాను కింద బోర్లా పడుకోవాలి, మధ్యాహ్నం దాకా లేవకూడదు, అంతే! ఆఫీసులో అతన్ని అందరూ ఢమాల్ అంటారు. అతను ముట్టుకున్న ప్రింటరు మళ్ళీ పనిచెయ్యదు, అతను ఎత్తిన కప్పు నేలకి దిగకుండా ఉండదు. ఇంట్లో భార్య కూడా గాజు గ్లాసు అతని చేతికివ్వదు. అలాంటి మనిషి గుమ్మంలోకి, చెమటలు కక్కుకుంటూ, చంకలో ఒక చెక్కపెట్టెతో మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"వారం రోజులు ఊళ్ళో ఉండనయ్యా. ఇవి సిగార్లు, బాగా ఖరీదైనవి. ఈ ఎండలకి మా ఇల్లు పొయ్యిలా ఉంది. నీ దగ్గర ఉంచు. ఎవరికీ చెప్పకు, మా ఆవిడకైతే అసలు తెలియకూడదు."

"నా దగ్గరా సార్?"

"ఆఫీసు మొత్తాన్ని తలుచుకున్నాను. నువ్వే కరెక్టనిపించింది."

ఢమాల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బుద్ధి తెలిశాక ఒక వస్తువుని నమ్మి అతని చేతిలో పెట్టిన మొదటి మనిషి ఈయనే. ప్రాణం పోయినా సరే, వీటి మీద ఈగ కూడా వాలకూడదనుకున్నాడు.

ఇక చూడాలి అతన్ని! ఫోను ముందేసుకుని గంటలకొద్దీ చదివాడు. ఫ్రిజ్‌లో పెడితే తేమంతా లాగేసుకుని పైపెచ్చు ఉల్లిపాయ కంపు అంటిస్తుందట. బయట వదిలేస్తే ఆ వేడికి పొగాకులో దాక్కున్న గుడ్లు పొదిగి, పురుగులు పుట్టి, సిగార్లని జల్లెడ చేసేస్తాయట. చల్లగా ఉండాలి, ఎండిపోకూడదు. ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదిలో. ఆ గదిలో ఎండలకి ఆగలేక వచ్చిన మామగారున్నారు. ఆయన స్నానానికి వెళ్ళడమేమిటి, పెట్టె మంచం కిందకి చేరడమేమిటి, అంతా రెప్పపాటులో అయిపోయింది.

ఏసీ గాలి తేమని పీల్చేస్తుంది కాబట్టి కిటికీకి, కుర్చీలకి, అలమర తలుపుకి తడి తువ్వాళ్ళు ఆరేశాడు. పెట్టెలో ఒక మూల సీసామూతలో తడి స్పాంజి ముక్క ఉంచాడు. వేడీ తేమా రెండూ చూపించే బుల్లి మీటరు కొని మామగారి తల దగ్గర గోడకి కొట్టాడు. ఏసీ రిమోటు జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నాలు ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి మరీ తువ్వాళ్ళు మార్చాడు.

"ఎలా ఉంది మామయ్యగారూ?" అంటాడు, చూపు మంచం కింద.

"స్వర్గంలో ఉన్నట్టుంది అల్లుడూ! కన్నకొడుకు కూడా ఇంత చూడడు!" అని పొంగిపోయేవారు ఆయన.

భార్యకి మాత్రం గుండెల్లో రాయి పడింది. తన తువ్వాలు ఎక్కడుందో తనకే తెలియని మనిషి మామగారికి తువ్వాళ్ళు తడుపుతున్నాడా? వారం చివర్లో తలుపు తోసి చూస్తే, నిద్రపోతున్న తండ్రి మంచం పక్కన భర్త మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు. పెట్టె ఆమెకి కనపడలేదు. చెంపల మీద ఆనందబాష్పాలు మాత్రం కనపడ్డాయి.

"ఏమైందండీ నాన్నకి?"

"అబ్బే, ఏం లేదు. నువ్వు కంగారుపడకు. ఈ ఒక్కరోజు గడిస్తే గండం గట్టెక్కినట్టే."

ఆ మాట చాలదూ! మర్నాడు మధ్యాహ్నానికి ఆమె అక్కలిద్దరూ మొగుళ్ళతో, సూట్‌కేసులతో, ముక్కు చీదుకుంటూ దిగిపోయారు. అందరూ గదిలో దూరి, తలుపు బార్లా తెరిచి, గురకపెడుతున్న పెద్దాయన చుట్టూ నిలబడ్డారు. ఇంతమంది ఊపిరికి మీటరు ముల్లు గబగబా పైకెక్కింది. సరిగ్గా అప్పుడే వచ్చాడు ఢమాల్.

"బయటికి నడవండి! డిగ్రీలు పెరిగిపోతున్నాయి!"

"అయ్యో నాన్నా!" అంటూ పెద్దక్క ఆయన మీద పడింది.

మామగారు ఉలిక్కిపడి లేచారు. "ఏమిటే? ఎవరు పోయారు?"

"మీరే నాన్నా... అంటే, ఇంకా..."

"నేనా? నాకొక్క మాటైనా చెప్పలేదేం?"

ఈ గోలలో చిన్నక్క కాలు మంచం కిందకి జారింది. ఢమాల్ బొక్కబోర్లా దూకి పెట్టెని గుండెకి హత్తుకున్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"అయితే వారంనుంచి నువ్వు బాగోగులు అడిగింది," మామగారు ఒక్కో మాటా కూడబలుక్కున్నారు, "చుట్టలవా?"

"క్షమించండి మామయ్యగారూ. మా మేనేజరుగారు నమ్మి ఇచ్చారు. పాడుచెయ్యలేకపోయాను."

అంతలో గంట మోగింది. మేనేజరు! ఢమాల్ ఆయన్ని గదిలోకే తీసుకొచ్చి పెట్టె మూత తీశాడు. అబ్బ, ఏం కాపాడాడండీ! ఒక్కోటీ మెత్తగా, నిగనిగలాడుతూ, ఎక్కడా చిన్న పగులు కూడా లేకుండా! తేనెలాంటి వాసన గదంతా కమ్మేస్తే, ఏడుస్తున్న పెద్దక్క కూడా ఏడుపు ఆపి పీల్చింది.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్కటీ పాడవలేదా?"

"లేదు సార్!"

"పురుగైనా పట్టలేదా?"

"పట్టనిస్తానా సార్!"

"మానేశానని మా ఆవిడ దగ్గర ఒట్టేశానయ్యా," అన్నాడు మేనేజరు. "పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. నీ చేతికిస్తే వాటంతటవే నాశనమైపోతాయనుకున్నాను."

ఢమాల్ మొహం పాలిపోయింది. భార్య చటుక్కున వచ్చి అతని పక్కన నిలబడింది.

"మా ఆయన చేతికిస్తే నాశనమవుతాయా? బాగా చూసుకోండి సార్! మీ ఆఫీసులో ఎవరికిచ్చినా ఇలా తిరిగొస్తాయా?"

"వాటితోపాటు నన్నూ చెక్కుచెదరకుండా ఉంచాడయ్యా," అన్నారు మామగారు, అల్లుడి భుజం మీద చెయ్యి వేసి. "ఇంత సుఖంగా నేనెప్పుడూ నిద్రపోలేదు."

ఢమాల్ తలెత్తాడు. వారంలో మొదటిసారి మీటరు వంక చూడలేదు. మేనేజరు నిట్టూర్చి, పెట్టె చంకన పెట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు.

అక్కడ ఆగి, నీరసంగా అగ్గిపెట్టె అడిగాడు.