బిగించండి, వదలండి!

పాఠకులారా, మా ష్టిప్ పట్టణంలో డాక్టర్లు ఇక దుకాణం సర్దుకోవచ్చు. మా చొక్కాల ఫ్యాక్టరీకి కండరాల విశ్రాంతి వచ్చేసింది! ఇరవై రెండేళ్లుగా కాలర్లు కుడుతున్నదాన్ని, ఒట్టేసి చెబుతున్నాను, ఇంత గొప్ప వరం ఈ మిషన్ల మధ్యకు ఎన్నడూ రాలేదు.

వరం పేరు డెస్పినా. రాజధాని నుంచి వస్తుంది. మెత్తటి బూట్లు, అంతకంటే మెత్తటి గొంతు. మేం మధ్యాహ్నం బురెక్ రొట్టెలు తినే అరగంటలోంచి పదిహేను నిమిషాలు ఆమెకిచ్చాం. ఇచ్చాం అంటే, ఆఫీసువాళ్లు తీసుకున్నారు.

"పిడికిలి బిగించండి. ఏడు దాకా లెక్కపెట్టండి. ఇప్పుడు వదిలెయ్యండి" అంటుంది. అరవై మంది ఆడవాళ్లం వదిలేస్తాం. ఆ తర్వాత భుజాలు, దవడలు, పిక్కలు.

దీని వెనక సైన్సు ఉందండోయ్! కండరం వదులైతే ఆ కబురు మెదడుకు చేరుతుందట. ప్రమాదమేమీ లేదనుకుని మెదడు గుండెదడ తగ్గిస్తుందట. నిజమే, నాకూ తగ్గింది. కళ్లు తెరిస్తే ఎదురుగా నాలుగొందల కాలర్లు! పాపం, వాటి సంగతి మెదడుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇప్పుడు మా సూపర్‌వైజర్ రిస్తో అరిస్తే పిక్కలు వదులు చేస్తాను. ఆదివారం కూడా పనికి రమ్మంటే దవడ వదిలేస్తాను. నోరు తెరుచుకునే ఉంటుంది గానీ మాట రాదు. ఆఫీసుకు ఇంతకన్నా ఏం కావాలి?

నా పక్క మిషను ట్రాయాంక అక్కది. చలికాలం నుంచీ ఆవిడ కుడిచేతి వేళ్లు మూడు మొద్దుబారిపోయాయి. చేతి డాక్టరుకు చీటీ రాసివ్వమని ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. ఆ చెయ్యి పోతే ఆవిడ ఉద్యోగం పోయినట్టే. "అదంతా ఒత్తిడమ్మా, డెస్పినా క్లాసుకెళ్లు" అన్నారు. ఎంత దయ!

ఒకరోజు డెస్పినా, మంచి గాలి రావాలంటూ ఎదురెదురు కిటికీలు రెండూ బార్లా తెరిచింది. అమ్మో! మా దేశంలో అలా తెరవడం హత్యాయత్నంతో సమానం; ఎదురుగాలి కొడితే మెడో చెయ్యో పట్టేస్తుందని మా అందరి నమ్మకం. అరవై మెడలూ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. శాలువాలు పైకి లేచాయి. ఎవరో ఏడుపు కూడా మొదలుపెట్టారు.

రిస్తో పరుగెత్తుకొచ్చాడు. ట్రాయాంక అక్క కూర్చున్నది సరిగ్గా కిటికీ పక్కనే. "చూశారా! ఇక్కడ కూర్చుంటే చెయ్యి మొద్దుబారక చస్తుందా? గాలి కొట్టింది, అంతే! దీనికి డాక్టరు ఎందుకు?" అన్నాడు.

అందరం తలలూపాం. నేను ఇంకొంచెం ఎక్కువే ఊపాను. "అవును అక్కా, నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. కిటికీ మూసేస్తే వారంలో తగ్గిపోతుంది చూడు" అన్నాను. లేచి కిటికీ మూసి, నా ఉన్ని శాలువా ఆవిడ చేతికి చుట్టాను.

"నువ్వు అంటున్నావంటే అంతేనేమోలే అమ్మాయ్" అని ఆవిడ వెళ్లి అర్జీ వెనక్కి తీసుకుంది.

ఆరు వారాలు గడిచాయి. మొన్న గురువారం పిడికిళ్లు బిగిస్తుంటే ట్రాయాంక అక్క మూడు వేళ్లూ మడతపడలేదు. డెస్పినా ముఖం వెలిగిపోయింది. "అందరూ ఈ చెయ్యి చూడండి! ఎంత వదులుగా ఉందో! విశ్రాంతి అంటే ఇదీ!" అంది. మేం చప్పట్లు కొట్టాం. ట్రాయాంక అక్క చేతికేసి చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు ఆవిడ మళ్లీ అడిగితే ఆఫీసువాళ్లు చీటీ ఇచ్చారు. నేనే తోడు వెళ్లాను. డాక్టరు వేళ్లు వంచి చూశాడు, గుండుసూదితో గుచ్చి చూశాడు. ఆవిడ ఉలకలేదు.

"నరం ఎప్పట్నుంచో నలిగిపోతోందమ్మా. నెలన్నర ముందొచ్చినా నిలబెట్టేవాణ్ని. ఇక ఈ వేళ్లతో కుట్టుపని కుదరదు" అన్నాడు. "ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"గాలి కొట్టిందనుకున్నామండీ."

"గాలా? ఎవరు చెప్పారు మీకు?"

రిస్తో పేరు చెబుతుందనుకున్నాను. చెప్పాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

"మా పక్క మిషను అమ్మాయి చెప్పిందండీ" అంది ట్రాయాంక అక్క. "నా మంచి కోరే మనిషి."

ఆవిడ కోటు పట్టుకుని నేను ఆ వెనకే నిలబడి ఉన్నాను.