మూడో నంబరు మూషికమూత్రవిజయం

వినుడు, వీనులు గలవారెల్లరు! ఎండావానలెరుగక, ఏసీ గాలి ఏకచ్ఛత్రంగా ఏలే మందుల ప్రయోగశాలలో, గోడగడియారపు చిన్నముల్లు నాలుగు దాటి అయిదు మీదికి దండెత్తిన అపరాహ్ణవేళ, ప్లాస్టిక్ టోపీయే కిరీటంగా, రబ్బరు తొడుగులే కవచంగా, చిటికెనవేలంత గాజుగొట్టమే గదగా ధరించి, పంజరాల టెక్నీషియన్ ఒక ఎలుక ముందు నిలిచింది.

ఆస్తమాకు కొత్తగా కనిపెట్టిన మందొకటి ఆ ఉదయం తొమ్మిదింటికి ఆరు ఎలుకల గొంతులు దిగింది. దిగినది పేగులు దాటి, రక్తమహానదిని ఈది, కాలేయదుర్గంలో చొరబడి, అక్కడి సైన్యం చేత ముక్కలై, మారువేషంలో ఎంత మూత్రద్వారాన, ఎంత మలద్వారాన బయటపడుతుందో తేల్చడమే ఆ మహాయజ్ఞం. ఎనిమిది గంటల్లోపు పోసినదే లెక్క. అయిదు దాటాక పన్నీరు పోసినా మురుగే. అయిదు ఎలుకలు తమ సర్వస్వం ధారాదత్తం చేశాయి. మూడో నంబరు మాత్రం మిరియాలవంటి పెంటికలు దండిగా రాల్చి, జలదానం దగ్గర చుక్క విదల్చలేదు. ఒక్క నమూనా తగ్గినా ప్రయోగం మొదటికొస్తుంది. కిందటి నెల ఈ టెక్నీషియన్ గొట్టం మూత సరిగా బిగించనందుకు ఒకసారి మొదటికొచ్చింది కూడా. అప్పుడు ప్రయోగశాలనేలే పెద్దమేడమ్ తిట్టలేదు, ఊరకే చూసింది. ఆ చూపు ఆమెకు ఇంకా అరగలేదు.

మధ్యాహ్నం ఫోనులో, ఉబ్బసమున్న అత్తగారు సంగతంతా విని, ఆయాసపడుతూనే తీర్పు చెప్పింది: "నా ఛాతీలో పిల్లి కూస్తోంది, నీ పంజరంలో ఎలుక బిగబట్టింది. రెండింటికీ నువ్వే దిక్కు తల్లీ."

కనుక ఆ వీరవనిత సకలోపాయాలూ ప్రయోగించింది. నీళ్ల సీసా మార్చింది, గుడ్డ కప్పి ఏకాంతం కల్పించింది, ప్రేరణగా కుళాయి సన్నగా విప్పింది. ఆ చప్పుడుకు కదిలింది ఆమె సొంత పొత్తికడుపే, తానే బాత్రూముకు వెళ్లి వచ్చింది. ఎలుక మీసం దువ్వింది.

"చూడు నాయనా," అందామె, "నీ కాలేయం దాని పని చేసింది, నీ కిడ్నీలు వాటి పని చేశాయి. ఇక అడ్డమున్నది నీ పంతం ఒక్కటే."

పది నిమిషాలుందనగా పెద్దమేడమ్ వచ్చి, గడియారం చూసి, నమూనా లేదని రాసేయమంది.

"చేతిలోకి తీసుకుంటే కొన్ని భయానికి పోస్తాయి మేడమ్. పట్టి చూస్తాను."

"సరే, పట్టు. గొట్టంలో పడిందే లెక్క."

అంతట ఆ దృఢముష్టి, వామహస్తంతో మూషికసార్వభౌముని నడుము చుట్టి, దక్షిణహస్తంతో గాజుగొట్టాన్ని తోక కింద బాకులా నిలిపి, పెద్దముల్లు యాభై ఏడు మీదికి, యాభై ఎనిమిది మీదికి పాకుతుండగా, కన్నార్పక, ఊపిరి తీయక కాచుకుంది. మొదటి ధార ఆమె మణికట్టు మీద, రెండోది పెద్దమేడమ్ చెప్పు మీద, మూడోది తళతళలాడుతూ గొట్టంలో.

కొలిస్తే సున్నా పాయింటు నాలుగు మిల్లీలీటర్లు. సున్నా పాయింటు మూడు చాలు. పెద్దమేడమ్ చెప్పు తుడుచుకుని, గొట్టం మీద టైమ్ వేయమంది.

లోకంలో కోటలు పట్టినవారు కోకొల్లలు, ఏనుగుల్ని పట్టినవారు ఎందరో. అయిదుకు రెండు నిమిషాలుండగా సున్నా పాయింటు నాలుగు పట్టిన ధీర, దిక్కులారా వినండి, ఈమె ఒక్కతే!