మాంద్యం మా పలాసకు చేసిన మేలు

మాంద్యం వచ్చిందని దిగులుపడేవాళ్లను చూస్తే నాకు జాలి! వృద్ధి రేటు పడిపోవడమంత అదృష్టం ఇంకోటి లేదు. నమ్మరా? అయితే మా పలాస సంగతి వినండి.

మా వీధి చివర సోమేశ్వరరావు గారి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. 2009 వేసవిలో ఆయన విశాఖలో ఏదో సెమినార్‌కి వెళ్లి 'స్ట్రక్చరల్ రిఫార్మ్స్' అనే మాట పట్టుకొచ్చారు. మర్నాడే సంస్కరణలు మొదలు! ముందు కూలి ఆడవాళ్లకిచ్చే టీ రద్దు. తర్వాత పప్పు పొట్టు తీసే షెడ్డులో ఫ్యాన్లు రద్దు. ఆపైన వారానికి మూడు రోజులే పని.

ఎంత ఆరోగ్యం! టీ మానేస్తే కడుపులో మంట ఉండదు. చెమట పడితే ఒళ్లు తేలిక. ఇక వారానికి నాలుగు సెలవులా? హైదరాబాదు సాఫ్ట్‌వేర్ వాళ్లకైనా దక్కుతాయా?

ఇరవై ఏళ్లుగా అక్కడ పొట్టు తీస్తున్న వరమ్మకు మాత్రం ఈ మేలు తలకెక్కలేదు.

"మూడు దినాలు పనైతే మూడు దినాలే కూడు బాబూ. మిగతా దినాలు పిల్లలకేటి ఎట్టాల?" అని సోమేశ్వరరావు గారినే అడిగింది.

"ఢిల్లీలోనే గ్రోత్ తగ్గిపోయింది వరమ్మా. దేశం కోసం సర్దుకోవాలి" అన్నారాయన, కొత్త కారు అద్దం దించి.

దీపావళి ముందు పెద్ద ఆర్డరొచ్చింది. వారం తిరక్కుండా లారీ కదలాలి! ఆడవాళ్లు మూడు రోజులు పనిచేసి, నాలుగో రోజు ఒక్కరూ రాలేదు. సోమేశ్వరరావు గారు నన్ను మధ్యవర్తిగా వెంటబెట్టుకుని వరమ్మ గుమ్మం ఎక్కారు.

"ఏటమ్మా, పనికి రారా?" అన్నారాయన.

వరమ్మ పీట వేసింది. "కూకోండి బాబూ. మా మూడు దినాలూ అయిపోనాయి. ఇప్పుడు మాకూ గ్రోత్ తగ్గిపోనాది. దేశం కోసం మీరూ సర్దుకోండి."

నవ్వు ఆపుకోలేక నేను గోడవైపు తిరిగాను. ఆయన ముఖం చూడాలి!

"ఏటి కావాలో సెప్పు" అన్నారు చివరికి.

"ఏడాది పొడుగునా ఆరు దినాలు పని. మాట కాదు, కాయితం మీద రాయండి."

రాశారు. సాక్షి సంతకం నాదే. మర్నాడు షెడ్డు నిండింది, లారీ వేళకే కదిలింది.

ఇప్పుడు వృద్ధి మళ్లీ పుంజుకుందని పేపర్లు రాస్తున్నాయి. సంతోషం! నాదొకటే సందేహం. ఢిల్లీలో బయల్దేరిన మాంద్యం నెల తిరక్కుండా దారి వెతుక్కుని వరమ్మ కుండలోకి దూరింది కదా. మరి ఆ వృద్ధిగారు ఏటా ఏ స్టేషన్లో దిగిపోతున్నారండీ?