నీటికొండ మీద రెక్కల చేప

ఆ రోజు పొద్దున ఆమె వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మిగిలిన ఒక్క వీడియో మధ్యాహ్నంలోగా చూసేసి, ఆఫీసుకు పంపేసి, ఫోను కట్టేసి, సాయంత్రం దాకా నిద్రపోవాలి. కొన్ని వారాలుగా ఆమె జీవితం నుంచి కోరుకుంటున్నది అదొక్కటే.

ఆమె ఉద్యోగం సముద్ర జంతువుల సర్వే ఆఫీసులో. తీరానికి చాలా దూరంలో, నడిసముద్రంలో, నీటిపైకి ఎన్నడూ తల ఎత్తని కొండలున్నాయి. సొరచేపలు, తిమింగలాలు వంటి పెద్ద జంతువులు ఆ కొండల దగ్గరికి చేరతాయని శాస్త్రవేత్తల నమ్మకం. అందుకని సర్వే ఓడవాళ్ళు ఎర కట్టిన కెమెరాలను కొండల చుట్టూ నీళ్ళలోకి దించి వస్తారు. కెమెరా ముందుకు ఏది వచ్చిందో, ఎన్ని వచ్చాయో చూసి చెప్పడం ఆమె పని. ఈ సంగతి విన్నవాళ్ళంతా "ఎంత అదృష్టమండీ" అంటారు. నిజానికి కెమెరా ముందుకు వచ్చేది నీలం రంగు. గంటల తరబడి నీలం. ఎప్పుడో ఒక బుల్లి చేప వచ్చి, ఎర వాసన చూసి, నచ్చక వెళ్ళిపోతుంది. ఆమెకు కలలో కూడా నీలమే వస్తోంది. ఆ కలలోనూ జంతువులు రావడం లేదు.

ఈసారి కొండ విషయంలో తొందర కూడా ఉంది. దాని చుట్టూ వేట ఓడలను రానివ్వాలా, ఆపాలా అన్నది ఆ సాయంత్రమే ఒక కమిటీ తేల్చబోతోంది. అక్కడ పెద్ద జంతువులున్నాయని చూపిస్తే వేట ఆగుతుంది. చూపించలేకపోతే మైళ్ళ పొడవు గాలపు తాళ్ళు పట్టుకుని ఓడలు బయల్దేరతాయి. ఇంతవరకూ చూసిన వీడియోల్లో చూపించదగ్గది ఏదీ లేదు. ఆఫీసంతా పెద్దసారని పిలిచే ఆమె పై అధికారి రోజూ ఫోను చేసి, ఆపరేషన్ గది బయట నిలబడ్డ బంధువు గొంతుతో, "ఏమైనా కనిపించిందా అమ్మా?" అని అడుగుతున్నాడు.

ఆఫీసుకు రంగులు వేస్తున్నారని ఆమె ఇంట్లోనే పడకగది బల్ల దగ్గర పని చేస్తోంది. ఆఖరి వీడియో మొదలుపెట్టింది. నీలం. కాసేపటికి ఇంకొంచెం ముదురు నీలం. గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. చెయ్యి జారింది. తల బల్ల మీద వాలింది.

మామగారు కాఫీ తీసుకుని వచ్చేసరికి కోడలు నోరు కొద్దిగా తెరిచి గాఢ నిద్రలో ఉంది. ఆయన రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగ జీవితమంతా ఆఖరి పెట్టెలో కూర్చుని వెనక్కి చూస్తూ గడిపినందువల్ల, ఎవరూ చూడనిది తన కంటపడుతుందని ఆయనకు గట్టి నమ్మకం. పాపం, నిద్రలో చలేస్తుందని ఫ్యాను ఆపి, కాఫీతో తిరిగి వెళ్ళబోతూ కంప్యూటరు వైపు చూశారు. చూసి అక్కడే ఆగిపోయారు.

నీలం మధ్యలో ఒక పెద్ద నల్లటి జీవి. రెండు పక్కలా పొడుగాటి రెక్కలు, మధ్యలో గుండ్రటి ఒళ్ళు, వెనక తోక. కదలకుండా, మెదలకుండా, ఆయన్నే చూస్తున్నట్టుగా నిలబడి ఉంది.

కోడల్ని లేపుదామనుకున్నారు. మనసొప్పలేదు. జేబులోంచి ఫోను తీసి ఫొటో కొట్టి, 'మా కోడలు కనిపెట్టిన జంతువు' అని రాసి కుటుంబం గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపులో ఆయన కూతురుంది. వదినగారి ప్రతిభ నలుగురికీ తెలియాలని కూతురు దాన్ని తన వాకింగ్ గ్రూపులో పెట్టింది. ఆ వాకింగ్ గ్రూపులో పెద్దసారు భార్య ఉంది.

ఇక్కడ కోడలు చెమటకు మెలకువ వచ్చి లేచింది. అలవాటుగా ఫ్యాను వేసుకుంది. వీడియో ఎప్పుడో అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి చూసే ఓపిక ఆమె ఒంట్లో ఎక్కడా మిగల్లేదు. ఇన్ని కెమెరాలకు రానిది దీనికి మాత్రం ఎందుకు వస్తుందిలే అనుకుని, 'ఏమీ కనిపించలేదు' అని కొట్టి ఆఫీసుకు పంపేసింది. మంచం మీద నడుం వాల్చిందో లేదో ఫోను మోగింది.

"అమ్మా, ఇంత పెద్దది కనిపిస్తే నాకు చెప్పకుండా వాకింగ్ గ్రూపుకి చెప్తారా?" అన్నాడు పెద్దసారు. గొంతులో కోపం లేదు. ఏడుపులాంటి సంతోషం ఉంది.

"ఏది సార్?"

"ఆ రెక్కల చేప. మీరు నాకేమో ఏమీ లేదని పంపారు. అర్థమైందిలెండి, పూర్తిగా సరిచూసుకుందాకా చెప్పకూడదనుకున్నారు. మీ జాగ్రత్త నాకు తెలుసు. కెమెరా ముందుండే ఎర కర్రతో పోల్చి కొలిచాను. బస్సంత వెడల్పు. ఇంతవరకూ ఎవరూ చూసుండరు. ఫొటో కమిటీకి పంపేశాను. ఆ వీడియో ముక్క కూడా కోసి పంపండి."

లేదందామంటే ఆ సమయంలో తాను చూడలేదు. ఉందందామన్నా చూడలేదు. నిద్రపోయానని చెప్పే ధైర్యం లేదు. "ఇంకోసారి చూసి చెప్తాను సార్," అంది.

"అదే, ఆ జాగ్రత్తే," అన్నాడు పెద్దసారు.

ఆమె మామగారిని పిలిచి పక్కన కుర్చీ వేసింది. "మామయ్యగారూ, అది ఎప్పుడు కనిపించింది?"

"నువ్వు పడుకున్నప్పుడమ్మా."

"వీడియోలో ఎంతసేపటికి?"

"అది నాకెలా తెలుస్తుంది? కాఫీ వేడిగానే ఉంది."

వీడియో వేగం పెంచి ఇద్దరూ చూడటం మొదలుపెట్టారు. తలపైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. తెర మీద నీలం తప్ప మరేమీ లేదు. చుక్క కనిపించినప్పుడల్లా ఆమె ఆశగా మామగారి వైపు చూసేది. "అబ్బే, ఇది కాదు. అది ఇంకా దర్జాగా ఉంది," అనేవారాయన. కాసేపటికి ఆమెకు అనుమానం వచ్చింది. "మీకు కళ్ళజోడు ఉందా అప్పుడు?" అని మెల్లగా అడిగింది. మామగారు నొచ్చుకున్నారు. "నాకు లేకపోతే లేదు, ఫోనుకి కూడా కళ్ళజోడు కావాలా?" అన్నారు. ఫొటోలో జీవి స్పష్టంగానే ఉంది.

సగం కూడా అవకముందే తలుపు చప్పుడైంది. పెద్దసారు ఆగలేక వచ్చేశాడు. వెంట ఒక సన్నటి మనిషి ఉన్నాడు. రెక్కల చేపల మీద పాతికేళ్ళు పరిశోధన చేసిన పండితుడని పరిచయం చేశాడు పెద్దసారు. పండితుడు మంచం అంచున కూర్చుని, "ఇదే నిజమైతే నా పుస్తకం మళ్ళీ రాసుకోవాలి," అన్నాడు. రాయడం తనకు ఇష్టం లేదని ఆ గొంతులోనే తెలుస్తోంది. అంతలోనే వరసగా తుమ్మాడు.

"మీకు గాలి పడట్లేదు," అంటూ మామగారు లేచి ఫ్యాను ఆపారు.

ఫ్యాను తిరిగి తిరిగి, నెమ్మదించి, ఆగింది. తెర మీద నీలం మధ్యలో ఆ జీవి మెల్లగా వచ్చి నిలబడింది.

"అదిగో," అన్నారు మామగారు. పెద్దసారు లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆమె గబుక్కున వీడియో ఆపింది.

పండితుడు మాత్రం ముందుకు వంగి, "రెక్కలు ఆడించకుండా నీళ్ళలో అలా ఎలా నిలబడుతుంది?" అని గొణిగాడు.

సరిగ్గా అప్పుడే ఆమె భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. ఇంతమంది ఒక్క గదిలో ఉక్కపోతలో నిలబడి ఉండటం చూసి, "ఏంటి నాన్నా, చుట్టాలొస్తే ఫ్యానన్నా వెయ్యరు," అంటూ స్విచ్చి నొక్కాడు.

ఆపి ఉంచిన వీడియోలో జీవి కదిలింది. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది.

"తిరుగుతోంది," అన్నాడు పెద్దసారు.

ఒకరి తర్వాత ఒకరు తలలెత్తి పైకప్పు వైపు చూశారు. మామగారు అందరికంటే ఆఖరున చూశారు. పెద్దసారు కూర్చోబోయి, కుర్చీ ఎక్కడుందో వెతుక్కుని కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. ఆయన తిట్టలేదు. ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, కమిటీ కార్యదర్శికి ఫోను చేశాడు. గొంతు గదిలోకి వినిపిస్తూనే ఉంది.

"అది చేప కాదండీ. ఫ్యాను." అవతలి ప్రశ్న విని, "జాతి పేరు కాదండీ. ఇంట్లో ఫ్యానే. గాలికి వేసుకునేది. దాని నీడ కంప్యూటరు తెరలో పడింది," అన్నాడు. తర్వాత చాలాసేపు విన్నాడు. వచ్చేటప్పటికి మనిషి ఇంకా వాడిపోయి ఉన్నాడు.

"అధ్యక్షుడికి రైలుందని కమిటీ ముందే కూర్చుందట. ఫొటో చూసి వేట ఆపేస్తూ తీర్మానం చేసేశారట. 'రెక్కలున్న భారీ జీవి నివాసం' అని రాసి సంతకాలు కూడా పెట్టేశారు. తప్పు చెప్పాను, కొట్టేయండి అన్నాను. కొట్టేయాలంటే మళ్ళీ అందరూ రావాలి, ఇప్పట్లో కుదరదు అన్నారు." కళ్ళజోడు తీసి మొహం రుద్దుకున్నాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం రాయలేదమ్మా. ఖాళీ కొండకి కాపలా పెట్టించాను."

ఆమె చేతులు ఊరికే ఉండలేక, ఆగిపోయిన వీడియోను మళ్ళీ నడిపించింది. నీలం కాసేపు నడిచింది. ఉన్నట్టుండి చీకటి పడింది. తెరంతా బూడిద రంగు గోడ. గోడ నిండా తెల్లటి చుక్కలు. అది మెల్లగా జరుగుతోంది. జరిగి జరిగి ఎంతకీ అయిపోవడం లేదు.

"నేనైతే ఏమీ అనలేదు," అన్నారు మామగారు.

భర్త ఫ్యాను ఆపాడు, వేశాడు, మళ్ళీ ఆపాడు. గోడ మాత్రం తన దారిన తాను సాగుతూనే ఉంది. చివరికి మనిషి ఎత్తు తోక ఒకటి కెమెరాను తాకుతూ వెళ్ళింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది. వెనక నీలంలో మరికొన్ని నీడలు.

"తిమింగల సొరలు," అన్నాడు పండితుడు. గొంతు తగ్గించి, "ఒక మంద," అన్నాడు. పుస్తకం మళ్ళీ రాయక్కర్లేదన్న ఊరట ఆయన మొహంలో దాగలేదు.

పెద్దసారు ఆమె వైపు తిరిగాడు. "పొద్దున చూసినప్పుడు ఇవి లేవా అమ్మా?"

"ఉండే ఉంటాయి సార్. నేనే లేను. నిద్రపోయాను." చెప్పేశాక ఆమెకు భయం వేయలేదు. ఇంకా నిద్రే వచ్చింది. "వారాల నుంచి సరిగ్గా నిద్రలేదు సార్. చూడకుండానే ఏమీ లేదని పంపేశాను. తప్పు నాది. ఏం చేసినా చెయ్యండి. రేపు చెయ్యండి."

పెద్దసారు ఆమె కళ్ళ కింద నలుపు అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఈ వీడియోలు ఇద్దరు చూడాల్సిన పని. రెండో మనిషిని వేయమని ఎవరూ అడగలేదు, నాతో సహా," అన్నాడు. "వెళ్ళి పడుకోండి. మిగతాది నేను చూస్తాను."

ఆమె మర్యాదకు కూడా ఆగలేదు. పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

పెద్దసారు కార్యదర్శికి మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో ప్రాణం ఉంది. నిజమైన జంతువులు దొరికాయని, ఒకటి కాదు, మంద అని, తీర్మానంలో ఫ్యాను తీసేసి వీటి పేరు రాయమని బతిమాలాడు.

అవతల కార్యదర్శి నిట్టూర్చాడు. "వేట ఆగింది కదండీ, ఉన్నదాన్ని ఉండనివ్వండి. పేరు మార్చాలంటే మీటింగు పెట్టాలి, జంతువు కూడా హాజరు కాగలదంటే చెప్పండి, తేదీ చూద్దాం."