కేటాయించని జాగా

కంప్యూటర్లో జాగా పోవడం కన్నా మనిషికి మేలు చేసేది మరొకటి లేదు. తొందరపడి నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను.

జాగా ఉన్నవాడు ఏం చేస్తాడు? నింపుతాడు! ఒకే పెళ్ళిని అన్ని మూలల నుంచీ తీసిన ఫొటోలు దాస్తాడు. ఎవరో పంపిన శుభోదయాలు దాస్తాడు. ఎప్పుడో చదువుతానని పుస్తకాలు దింపుకుని, చదివేసినంత తృప్తిగా నిద్రపోతాడు. జాగా లేనివాడో? ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని మథనపడతాడు. తన బతుకులో పనికొచ్చేది ఎంత, చెత్త ఎంత అని జీవితంలో మొదటిసారి లెక్క చూసుకుంటాడు. ఇంతకన్నా ఏ గురువు మాత్రం ఏం నేర్పుతాడు?

నమ్మకం కుదరలేదా? అయితే సముద్రపు ఒడ్డున ఉన్న మా స్ఫాక్స్ ఊళ్ళో, మా పై అంతస్తులో ఉండే చాద్లీ గారి సంగతి వినండి. విన్నాక మీ డిస్కులో సగం మీరే ఎవరికైనా దానం చేసేస్తారు.

చాద్లీ గారు హైస్కూల్లో భూగోళం మాస్టారు. మనుషుల్ని అనుమానిస్తారు గానీ పటాలను అనుమానించరు. ఆయన భార్య వసీలా గారు చిన్నపిల్లల బడిలో పనిచేస్తారు. పుట్టిల్లు సముద్రానికి అవతల, కెర్కెన్నా దీవుల్లో. సెలవు దొరికితే చాలు, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఫెర్రీ ఎక్కేస్తారు. ఆ దీవుల్లో ముసలమ్మలు పాడే పాటలు రికార్డు చేసుకుని వస్తారు. ఆ పాటలు ఎవరూ రాసిపెట్టలేదు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఆ ఇంట్లో మూడో మనిషి వసీలా గారి తమ్ముడు హైకల్. కంప్యూటర్లలో పెద్ద చదువే చదివాడు. ఉద్యోగం వచ్చేదాకా ఉంటానని అక్క ఇంట్లో ముందు గదిలో దిగాడు. ఆ ‘దాకా’ ఇంకా పూర్తి కాలేదు.

చేతిలో విద్య ఉండి చెయ్యడానికి పని లేకపోతే చెయ్యి ఊరుకుంటుందా? ఒక మధ్యాహ్నం హైకల్ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ల్యాప్‌టాప్ తీసుకుని దాంట్లో రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేశాడు.

“ఇదేం పనిరా?” అన్నారు చాద్లీ గారు.

“ఉచితం బావా! ఎవడి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు. స్వాతంత్ర్యమంటే ఇదీ!”

“మరి పాత సిస్టమ్?”

“అదీ ఉంటుంది. డిస్కు చెరిసగం.”

“చెరిసగం! పటం మీద ఎవడైనా ఆ మాట అన్నాడంటే అక్కడ తగాదా మొదలైనట్టేరా!”

ఆ రోజు నుంచీ ల్యాప్‌టాప్ తెరిచినప్పుడల్లా ‘ఏ సిస్టమ్‌లోకి వెళ్తారు?’ అని అడిగేది. చాద్లీ గారు, వసీలా గారు పాతదాంట్లోకే వెళ్ళేవారు. హైకల్ కొన్నాళ్ళు కొత్తదాంట్లోకి వెళ్ళాడు. తరవాత స్వాతంత్ర్యం మీద మోజు తీరి ఫోను పట్టుకున్నాడు. రెండో సిస్టమ్ సగం డిస్కు మీద పరుపు పరుచుకుని హాయిగా పడుకుంది.

ఇలా ఉండగా, కెర్కెన్నాలో జుమ్ముర్దా పెద్దమ్మ పాడటానికి ఒప్పుకుంది. ఎంతో కాలంగా బతిమాలితే ఒప్పుకుంది! పెళ్ళికూతుర్ని అత్తవారి దీవికి పడవెక్కించేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాట అది. మొదలు నుంచి చివరిదాకా వచ్చినవాళ్ళు ఇప్పుడు ఆవిడొక్కతే.

పెద్దమ్మ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. పాట సగానికి వచ్చేసరికి తెర మీద ఎర్రటి డబ్బా ఒకటి ప్రత్యక్షమైంది. ‘డిస్కు నిండిపోయింది.’ రికార్డింగ్ ఆగిపోయింది.

వసీలా గారు ఏం చెయ్యాలి? కళ్ళు మూసుకుని పాడుతున్న మనిషిని పట్టుకుని ‘ఆగు పెద్దమ్మా’ అనాలా? నోరు రాలేదు. ఆ ఎర్ర డబ్బాకేసి చూస్తూ కూర్చున్నారు. మిగతా సగం పాట ఎదురుగానే సాగిపోయింది. ఆవిడ చెవిలోకి ఒక్క ముక్క ఎక్కలేదు.

పాట అయ్యాక ఉన్న మాట చెప్పారు.

“ఏంటీ, మీ పెట్టె సగంలో నిద్రపోయిందా?” అంది పెద్దమ్మ.

“జాగా లేదంది పెద్దమ్మా. ఇంకొక్కసారి పాడితే...”

“పెళ్ళికూతుర్ని రెండుసార్లు పడవెక్కిస్తారుటే? నేను పాడాను. వినాల్సినదానివి నువ్వు. నీ చెవులు ఆ పెట్టెకి అప్పజెప్పి కూచుంటే నన్నేం చెయ్యమంటావు? లే, ఆక్టోపస్ కూర చల్లారిపోతోంది.”

భార్య కోప్పడితే చాద్లీ గారికి భయం లేదు. మాట్లాడకపోతేనే భయం. ఆ సాయంత్రం ఇంటికి తిరిగొచ్చాక భోజనాల దగ్గర వసీలా గారు ఒక్క మాటే అన్నారు. “సగం డిస్కు ఎవరికీ అక్కర్లేని సిస్టమ్ కింద పడి ఉంది. నాకేమో సగం పాట పోయింది.”

హైకల్ అప్పుడు ఊళ్ళో లేడు. ఏదో ఆఫీసులో ఇంటర్వ్యూ అని రాజధానికి వెళ్ళాడు. అతను వచ్చేదాకా ఆగొచ్చు కదా అంటారా? బళ్ళో జీవితమంతా సరిహద్దులు గీయించిన మనిషి, ఒక్క సరిహద్దు చెరపడానికి బావమరిది కోసం ఎదురుచూస్తాడా!

మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. డిస్కు పటం తెరిచారు. అందులో డిస్కంతా అడ్డపట్టీలా గీసి ముక్కలుముక్కలుగా చూపిస్తారు. రెండో సిస్టమ్ ముక్క మీద నొక్కారు. ‘తొలగించాలా?’ అంది. అవునన్నారు. ‘నిజంగానా?’ అంది. నిజంగానే అన్నారు. ఆ ముక్క నల్లబడింది. దాని మీద ‘కేటాయించలేదు’ అని పేరు పడింది.

గట్టు తెగితే నీళ్ళు పక్క మడిలోకి పారినట్టు ఆ జాగా పాత సిస్టమ్‌లోకి వచ్చి చేరుతుందని చాద్లీ గారి అంచనా. చేరలేదు. పాత సిస్టమ్ ఎప్పటిలాగే ఎర్రబడి, ఊపిరాడక కూర్చుంది. ‘పెంచు’ అన్న మీట ఉంది గానీ అది బూడిదరంగులో ఉంది. ఎంత నొక్కినా పలకదు. చూడగా చూడగా, నిండిపోయిన ముక్కకీ నల్లటి ముక్కకీ మధ్య సన్నటి పట్టీ ఒకటి కనిపించింది. పేరు ‘పునరుద్ధరణ విభాగం’.

ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే దారికొస్తుందేమోనని ఆపి వేశారు.

తెర నల్లగా అయిపోయింది. మూల ఒక్క ఇంగ్లీషు మాట, ‘రెస్క్యూ’ అని, పక్కన మినుకుమంటూ చిన్న గీత. రక్షించమని తనని అడుగుతోందో, తనని రక్షిస్తానంటోందో చాద్లీ గారికి బోధపడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క జుమ్ముర్దా పెద్దమ్మ పాట కాదు, వసీలా గారు ఇన్నేళ్ళూ ఫెర్రీలెక్కి తెచ్చుకున్నవన్నీ. వాటిలో కొన్ని పాడినవాళ్ళు ఇప్పుడు లేరు కూడా.

“వసీలా, చిన్న పొరపాటు...” అన్నారు.

వసీలా గారు వంటింట్లోంచి వచ్చి తెరకేసి చూశారు. “మరి నా పాటలు?” అన్నారు.

ఆవిడ తడి చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయి కుర్చీలో కూలబడ్డారు. చాద్లీ గారు ఫోను తీసి హైకల్‌కి చేశారు.

“ఒరే, పెట్టె తెరుచుకోవట్లేదు.”

“ఏం చేశావు బావా?”

“నేనేం చెయ్యలేదు.”

“ఏం చెయ్యకుండా మొరాయించదు. చెప్పు, ఏం చేశావు?”

“నీ స్వాతంత్ర్యాన్ని తీసేశాను.”

అవతల రైలు చప్పుడు మధ్య హైకల్ గొంతు పెరిగింది. “ముందు పాటలు వేరేచోటికి కాపీ చేశావా?”

“కాపీ అంటే...” అన్నారు చాద్లీ గారు.

“సరే. ఇంక ఒక్క మీట కూడా ముట్టుకోకు. మూసేసి పక్కన పెట్టు. నేను దార్లోనే ఉన్నాను.”

“ఇంటర్వ్యూ ఏమైందిరా?”

“ముందు పెట్టె సంగతి చూడనీ బావా.”

హైకల్ వచ్చేలోపు మా బిల్డింగంతా చాద్లీ గారింట్లోనే ఉంది. కింద మసాలా కొట్టాయన దిష్టి తగిలిందనీ, ధూపం వెయ్యమనీ సలహా ఇచ్చాడు. రెండో అంతస్తు ఆవిడ తన మిక్సీకి కూడా ఇలాగే అయిందని చెప్పింది. నేను మటుకు, ఆపి మళ్ళీ వేసి చూడమన్నాను. ఆ మాట అనకుండా ఉండగలిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

హైకల్ వచ్చాడు. సంచి కింద పెట్టకుండానే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ‘ఏ సిస్టమ్?’ అని అడిగే ద్వారపాలకుడు రెండో సిస్టమ్ తాలూకు మనిషట. బావ ఇల్లు కూల్చినప్పుడు ద్వారపాలకుడు కూడా దాని కిందే పోయాడట. హైకల్ ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, ఏవో ఆజ్ఞలు కొట్టి, పాత సిస్టమ్‌కి దాని సొంత ద్వారపాలకుణ్ణి మళ్ళీ కాపలా పెట్టాడు. తెర వెలిగింది. వసీలా గారు ఒక పాట మీద నొక్కారు. ఎవరో ముసలమ్మ గొంతు, వెనకాల కోడిపుంజు కూత. అందరం ఊపిరి పీల్చుకున్నాం. హైకల్ ముందు పాటలన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఆ తరవాతే మంచినీళ్ళు తాగాడు.

“ఇప్పుడు ఆ నల్లటి జాగా సంగతి చెప్పు,” అన్నారు చాద్లీ గారు. భయం తీరగానే మాస్టారుగిరీ తిరిగొచ్చింది.

“అది రావాలంటే మధ్యలో ఉన్న పట్టీ జరగాలి బావా.”

“ఆ పట్టీ ఎవడు పెట్టాడు?”

“మొదట్నుంచీ ఉంది.”

“దేనికి?”

“ఆపదలో ఆదుకోడానికి.”

“ఇవాళ వచ్చింది ఆపద కాదా? మరి ఆదుకుందా?”

“లేదు.”

“అయితే దాన్ని పీకిపారెయ్!”

“జరపొచ్చు బావా. జరిపేటప్పుడు ఏదైనా తేడా వస్తే మళ్ళీ మొదటికొస్తాం.”

బావా బావమరుదులు పటం మీద వేళ్ళు పెట్టి వాదులాడుకుంటుంటే వసీలా గారు కల్పించుకున్నారు. “అసలు కలపడం దేనికి? ఆ జాగాని ఉన్నచోటే ఉండనివ్వండి. దానికో పేరు పెట్టండి. పాటలు అందులో పెట్టుకుంటాను. కుదరదా?”

హైకల్ నాలిక కరుచుకున్నాడు. “కుదురుతుందక్కా. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది.”

నల్లటి ముక్క మీద నొక్కి, కొత్త డ్రైవ్ అని చెప్పి, పేరు దగ్గర ‘కెర్కెన్నా’ అని కొట్టాడు. సగం డిస్కు తిరిగొచ్చింది! వీళ్ళిద్దరూ రాజ్యాలు కలపాలని చూస్తుంటే వసీలా గారు చల్లగా ఖాళీ గదిలో కాపురం పెట్టేశారు.

తరవాతి సెలవుకి ముగ్గురూ ఫెర్రీ ఎక్కారు. జుమ్ముర్దా పెద్దమ్మ వీళ్ళని చూస్తూనే, “తిండి పెడతాను, పాట పెట్టను,” అంది.

వసీలా గారు బతిమాలలేదు. తనే పాట ఎత్తుకున్నారు. ఉన్న సగం పాటనే రోజూ విని విని, ఆ సగం ఆవిడకి నోటికొచ్చేసింది.

“అక్కడ గొంతు దించాలే! పడవ అల మీంచి దిగుతోంది,” అంది పెద్దమ్మ చేపలు శుభ్రం చేస్తూ. వసీలా గారు గొంతు దించారు. “ఆఁ, అలా!” కాస్త దూరం పోయాక పాట ఆగింది.

“ఆపావేం?”

“నాకు ఇంతవరకే వచ్చు పెద్దమ్మా.”

“పెళ్ళికూతుర్ని నడిసముద్రంలో నిలబెడతావుటే, పాపిష్టిదానా!”

పెద్దమ్మ చేప కింద పడేసి పాట అందుకుంది. ఇద్దరూ కలిసి పడవని ఒడ్డుకి చేర్చారు. పక్కన ల్యాప్‌టాప్ రికార్డు చేస్తూనే ఉంది, ఈసారి ఎర్ర డబ్బా రాలేదు. వసీలా గారు తెర వైపు చూడనేలేదు. చాద్లీ గారు మాత్రం కిటికీలోంచి చాలాసేపు సముద్రంకేసి చూస్తూ నిలబడ్డారు. భూగోళం మాస్టారు కదా, సముద్రం ఉన్నచోటే ఉందో లేదో సరిచూసుకోవాలి.

చూశారా మరి! మొదటిసారే జాగా ఉండి ఉంటే ఏమయ్యేది? ఆ పాట ఒక ఫైలై, ఎవరూ తెరవని ఫైళ్ళ మధ్య పడి ఉండేది. జాగా లేకపోబట్టి ఒక మనిషి గొంతులోకి ఎక్కింది. నేను చెప్పేదాంట్లో తప్పేమన్నా ఉందా?

తిరుగు ఫెర్రీలో చాద్లీ గారు మళ్ళీ అడిగారు. “ఇంతకీ రాజధానిలో ఏమన్నార్రా?”

హైకల్ రెయిలింగ్ మీదికి వంగాడు. “ఖాళీలున్నాయన్నారు బావా. నేనే చూశాను, గది నిండా ఖాళీ కుర్చీలు. కంప్యూటర్ల మీద దుమ్ము.”

“మరింకేం?”

“కేటాయింపు జరగలేదట. కేటాయించేవాళ్ళకీ, ఆ కుర్చీలకీ మధ్యలో ఇంకో విభాగం ఉందట. దాన్ని కదిపే అధికారం ఎవరికీ లేదట.”

చాద్లీ గారికి ఏదో హాస్యమాడాలని నోటిదాకా వచ్చింది. బావమరిది మొహం చూసి మింగేశారు. వసీలా గారు రొట్టె తుంచి తమ్ముడి చేతిలో పెట్టారు. హైకల్ తినకుండా దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కంప్యూటర్ని ఎంత తిట్టుకున్నా అది ఒక మర్యాద పాటిస్తుంది. ఖాళీ ఎక్కడుందో నల్లరంగు పూసి మరీ చూపిస్తుంది. దాని మీద నొక్కి పేరు పెట్టుకోనిస్తుంది. హైకల్ ఇప్పటికీ ఆ ముందు గదిలోనే ఉన్నాడు. మా బిల్డింగులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా వచ్చి బాగుచేసి, కాఫీ తాగి వెళ్తాడు. ఎక్కడ నొక్కితే అతనికో కుర్చీ వస్తుందో ఇంతవరకూ మాకెవరికీ తెలియలేదు.

నాకున్న ఫిర్యాదల్లా అదొక్కటే. మిగతాదంతా కులాసాగానే ఉంది.