ఎలుకల అధికారి చలికాలపు నిద్ర

ఒక పెద్ద అడవిలో, మబ్బులు గడప దాకా వచ్చిపోయేంత ఎత్తున, ఒక కొండ ఊరు ఉండేది. చల్లటి గాలికి ఆశపడి కింది జంతువులన్నీ ఎగబడి వచ్చి బొరియలు తవ్వుకోవడంతో ఊరు ఏటేటా పెరిగిపోయింది. ఎలుకలుండే పొదలన్నీ ఇళ్ళయిపోయాయి. చలి ముదిరితే పాపం ఎలుకలు వెచ్చదనం కోసం ఆ ఇళ్ళల్లోకే దూరేవి.

కుందేలు నాంచారమ్మకు ముగ్గురు పసికూనలు. చలికాలానికి దాచుకున్న సామలు ఏటా సగం ఎలుకల పాలవుతుంటే కడుపు మండి, ఆమె ఊరి సభలో మొరపెట్టుకుంది.

సభ పెద్ద అడవిదున్న గవరయ్య. ఆయనకు ఇల్లూ లేదు, గింజలూ లేవు. కనుక ఇళ్ళల్లో గింజల సంగతి ఆయనే తేల్చాలని ఊరి నమ్మకం. ఆయన బాగా ఆలోచించి, జెర్రిపోతు పానకాలును ఎలుకల నివారణాధికారిగా వేశాడు.

అప్పుడు వేసవి. పానకాలు బండ మీద ఎండ కాగుతూ, పిట్టలు భయంతో ఇచ్చిన గుడ్లు మర్యాదగా పుచ్చుకున్నాడు. ఇళ్ళల్లో ఒక్క ఎలుకా కనిపించలేదని ఊరంతా మెచ్చుకుంది. వేసవిలో ఏనాడూ కనిపించవన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మంచు పడగానే ఎలుకలు వచ్చాయి. వాటి వెనకే పానకాలూ వచ్చాడు. నాంచారమ్మ సంబరంగా దారి ఇచ్చింది. ఆయన సామల పక్కన వెచ్చటి మూల చూసుకుని చుట్ట చుట్టుకున్నాడు.

"ఎలుకలు అటున్నాయి బాబూ," అంది నాంచారమ్మ.

"చలిలో మావాళ్ళు పని చెయ్యరమ్మా. నువ్వూ కాస్త చప్పుడు చెయ్యకు," అని తల చుట్టలో దూర్చేశాడు.

రెండు రోజులు ఎలుకలు బెదిరాయి. తర్వాత ఆయన వీపుకు ఆనుకుని తీరిగ్గా సామలు తినసాగాయి. నాంచారమ్మ మళ్ళీ సభకు పరుగెత్తితే, అధికారి ఇంట్లో ఉండటమే భద్రతనీ, మేలుకుని ఉండాలని నియమం లేదనీ గవరయ్య సర్దిచెప్పి పంపాడు.

ఎండ పొడ తగలగానే ఎలుకలు కొండవాలు గడ్డిలోకి వెళ్ళిపోయాయి. అప్పుడు పానకాలు లేచాడు, చలికాలమంతటి ఆకలితో. ఇల్లంతా కలయజూశాడు. ఎలుకలు లేవు. చూపు కూనల దగ్గర ఆగింది.

"పిల్లలు బాగా ఒళ్ళు చేశారమ్మా," అన్నాడు.

నాంచారమ్మ కూనల్ని తోసుకుంటూ వెనక దారిన బయటపడి, ఒకటే పరుగున వెళ్ళి గడ్డిలో దూరింది. అక్కడి ఎలుకలు ఏమీ అడగకుండా జరిగి చోటిచ్చాయి. చలికాలమంతా ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళే కదా.

నాంచారమ్మ ఇంట్లో ఇక ఒక్క ఎలుకా లేదని తేల్చి, సభ ఆ ఇంటిని పానకాలుకే కార్యాలయంగా ఇచ్చేసింది.

నీతి: ఎలుకలు తినేది గింజలే కనుక, వాటితో మాత్రం బహు జాగ్రత్తగా ఉండాలి.